కథలకు కొలతలు తీసిన ఆపా

ఆపా పోయిందని మర్పల్లి నుంచి కార్డు వచ్చినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ఆ మధ్యాహ్నం నా వ్యాసాల పుస్తకం ప్రూఫులు దిద్దుకుంటున్నాను. పాత కథల్లో ఆడవాళ్ళ అంతరంగం, దాన్ని చెప్పడానికి కథకులు వాడిన ప్రతీకలు – అదీ పుస్తకం. పదేళ్ళ పని. కార్డు చదివి పక్కన పెట్టి మళ్ళీ కాగితాలు చేతిలోకి తీసుకుంటే, నేను రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఆమె గొంతు వినిపించడం మొదలుపెట్టింది. "అయితే ఏంది?" అని. బతికున్నన్నాళ్ళూ ఒక్క పేజీ ప్రశాంతంగా రాసుకోనివ్వలేదు. పోయాక కూడా అంతే.

తాండూరులో నేను తెలుగు చెప్పిన ఆడపిల్లల బళ్ళో ఆమె కుట్టుపని టీచరు. నేను వికారాబాదులో ఉండి రోజూ పాసింజరు బండికి పోయివచ్చేదాన్ని. నేను చేరేనాటికే ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయి. అక్క అని ఉర్దూలో పిలిచినట్టు పిల్లలూ, టీచర్లూ, గంట కొట్టే మనిషీ అందరూ ఆమెను ఆపా అనేవారు. కోస్తా నుంచి వచ్చిన మా హెడ్‌మిస్ట్రెస్ కోపంలో కూడా "ఏమిటండీ ఆపా ఇది!" అనేది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు. నోట్లో నాలుగైదు గుండుసూదులు. వాటిని తీయకుండానే మాట్లాడేది. మాట సగమే వినపడేది కాని, ఆ సగమే చాలు మనిషిని విసిగించడానికి.

ఆమెకు తెలుగు చదవడం పెద్దయ్యాక వచ్చింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల బళ్ళు నెలల తరబడి మూతపడ్డప్పుడు, లైబ్రరీ బీరువా తాళంచెవి ఆమె దగ్గర ఉండిపోయిందట. కుట్టడానికి గుడ్డ లేదు, చెప్పడానికి పిల్లలు లేరు. అక్షరాలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, బళ్ళు తెరిచేలోగా బీరువాలో ఉన్న కథల పుస్తకాలన్నీ చదివేసింది. చదివి ఊరుకుందా? గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్దతో పేజీల మీద గుర్తులు పెట్టింది. నేను ఆ బళ్ళో చేరిన వారంలో ఒక పుస్తకం తీస్తే, అందులో ప్రతి మూడో పేజీ అంచునా ఒక నీలం అడ్డగీత.

"ఎవరు పాడుచేశారు ఇది?" అన్నాను.

"నేనే," అంది ఆపా. "యాడ నాకు సమజ్ కాలేదో ఆడ గీసిన. తెలుగు టీచరు వస్తే అడుగుదామని పెట్టిన. వస్తివి గద."

అట్లా మొదలైంది. మధ్యాహ్నం అన్నాల గంటలో నా టిఫిన్ డబ్బా మూత తెరిచేలోగా ఒక పుస్తకం పట్టుకుని వచ్చి కూర్చునేది. నేనేమో అప్పుడే ఎం.ఏ. ప్రైవేటుగా కట్టి పాసయ్యి, ప్రతి కథలోనూ ప్రతీకలు వెతుక్కునే ఉత్సాహంలో ఉన్నాను. ఒక కథలో ఇల్లాలు రోజంతా కిటికీ దగ్గర నిలబడి, చివర్న కిటికీ మూసేస్తుంది. ఆ మూసిన కిటికీ ఆమె ఆశలు మూసుకోవడానికి గుర్తు అని నేను అరగంట చెప్పాను.

ఆపా సూదులు నోట్లోనే ఉంచుకుని విన్నది. విని, "గా కిటికీ ఏ దిక్కుకున్నది?" అంది.

"దిక్కు కథలో లేదు ఆపా."

"పడమర దిక్కు ఉంటే పొద్దుమూకంగ ఎండ కండ్లల్ల కొడ్తది. ఎవరన్న మూస్తరు. గంత సేపు నిలబడ్డది, కాళ్ళు గుంజలేదా? ఇంట్ల వంట ఎవరు చేసిర్రు?"

"అది ముఖ్యం కాదు!"

"నీకు కాదు. ఆమెకు ముఖ్యం."

ఇంకో కథలో ఒకామె పూయని మల్లెతీగకు రోజూ నీళ్ళు పోస్తుంటుంది. నాకు అది ఫలించని జీవితం. ఆపాకు అది రోజుకు రెండు బిందెల నీళ్ళు. "బావి ఎంత దూరం? ఎవరు చేదిర్రు?" మరో కథలో భర్త పోతూ ఉంటే ఆమె ఒక్క మాట అనదు. ఆ మౌనం ఎంత గొప్పదో నేను చెప్తుంటే మధ్యలో ఆపి, "ఆమెను ఎవరన్న ఏమన్న అడిగిర్రా?" అంది. పేజీలు తిరగేసి చూశాను. కథ మొత్తంలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సంగతి నాకు కనపడలేదని ఒప్పుకోవడానికి ఇష్టం లేక, "కథంటే అది కాదు ఆపా. నీకు చెప్పినా అర్థం కాదు," అని డబ్బా మూసేశాను. ఆ రోజు నా పెరుగన్నం అట్లాగే ఇంటికి పోయింది.

ఆమె మనసును కూడా నేను చదవబోయాను. కుట్టు గదిలో ఎప్పుడూ తలుపుకు వీపు పెట్టి కూర్చునేది. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోయాడని తెలుసు. లోకానికి వీపు పెట్టింది అని నేను లోలోపల ఒక వ్యాసం అల్లుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక, "ఎందుకట్లా తలుపుకు వీపు పెట్టి కూర్చుంటావు ఆపా?" అని సానుభూతిగా అడిగాను.

"ఎలుగు ఎనక నుంచి పడితెనే సూదిల దారం ఎక్కుతది," అంది. "నీకు కుట్టుడు రాదా?"

మూడేళ్ళు ఇట్లా గడిచాయి. నాలుగో ఏడు వానాకాలంలో తొమ్మిదో తరగతికి 'మా ఇల్లు' అని వ్యాసం రాయమని ఇచ్చాను. పిల్లలందరూ తులసి కోట, రెండు గదులు, ఒక మేక అని రాశారు. లలిత అనే పిల్ల మాత్రం ఇట్లా రాసింది: "మా ఇంటి తలుపుకు గడియ బయట ఉంటుంది. పొద్దున మా నాయన వేస్తాడు. సాయంత్రం బడి నుంచి వచ్చి నేను తీస్తాను. తీయగానే మా అమ్మ, ఈ రోజు బయట ఎండ ఎట్లున్నది అని అడుగుతుంది. నేను చెప్తాను. నేను చెప్పిన ఎండలోనే మా అమ్మ మరునాడంతా ఉంటుంది."

మళ్ళీ మొదటి నుంచి చదివాను. పద్నాలుగేళ్ళ పిల్ల! బయట గడియ, కూతురు మోసుకొచ్చే ఎండ – ఒక ఆడదాని అంతరంగం అంతా ఆరు వాక్యాల్లో. క్లాసులో చదివించాను. ఏది దేనికి ప్రతీకో బోర్డు మీద రాసి మరీ చెప్పాను. లలిత తల వంచుకుని కూర్చుంది. సిగ్గు అనుకున్నాను. మంచి అక్షరాలతో రాయించి వరండాలో గోడపత్రిక మీద అంటించాను.

మరునాడు అన్నాల గంటలో ఆపా వచ్చింది. చేతిలో పుస్తకం లేదు. నోట్లో సూదులు లేవు.

"గోడ మీద పెట్టినవు, గది కథనా?"

"చూశావా? ఎంత బాగా రాసిందో! ప్రతీక అంటే అదీ."

"గదేందో నాకు తెల్వదు. పొద్దుగాల గడియ పెట్టి సాయంత్రం తీస్తే, నడిమిట్ల గా మనిషి దొడ్డికి ఎట్ల పోతది?"

స్టాఫ్ రూములో అందరూ గొల్లున నవ్వారు. నా ముఖం కందగడ్డ అయింది. ఇంత మంచి వాక్యం రాసిన పిల్లను పట్టుకుని దొడ్డి గురించా! "నీకు సాహిత్యం వద్దు ఆపా. నువ్వు కాజాలు కుట్టుకో," అన్నాను, అందరి ముందూ. ఆమె కోపం తెచ్చుకోలేదు. లేచి వెళ్ళి, లంగా కొలతలు తీయాలని లలితను కుట్టు గదికి పిలిపించింది.

సాయంత్రం నేను స్టేషనుకు బయల్దేరుతుంటే గేటు దగ్గర ఆపింది.

"బకీటు పెడ్తడంట."

"ఏమిటి?"

"గదిల ఒక బకీటు పెట్టి, బయట గడియేసి పోతడంట ఆయన. పెండ్లాం మీద అనుమానం. గా బకీటు సంగతి నీ వ్యాసంల రాయలే పిల్ల. సిగ్గయిందంట."

ఆ రోజు నా బండి తప్పిపోయింది. బళ్ళోకి వెనక్కి వెళ్ళి గోడ మీది కాగితాన్ని గోటితో గీకి తీసి సంచిలో పెట్టుకున్నాను. అందరూ చదివేశారు అప్పటికే. చదివి, ఎంత బాగుందో అన్నారు.

హెడ్‌మిస్ట్రెస్‌తో చెబుదామన్నాను. "చెప్తే రేపటి నుంచి పిల్లను గూడ బడి మాన్పించి లోపలనే పెడ్తడు. గప్పుడు సాయంత్రం గూడ గడియ తీసెటోళ్ళుండరు," అంది ఆపా.

లలిత తండ్రి ఊరి చివర బండల పాలిష్ యార్డులో మేస్త్రీ. నెమ్మదైన మనిషి, తాగుడు లేదు, ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు. యార్డు గోడకు ఆనుకుని వాళ్ళ ఒంటి గది. నన్ను అన్నిటికన్నా విసిగించిన సంగతి ఏమిటంటే, తలుపుకు తాళం కాదు, ఉత్త గడియే. దారిన పోయేవాళ్ళెవరైనా తీయొచ్చు. ఏళ్ళ తరబడి ఎవరూ తీయలేదు. మొగుడూ పెండ్లాల ముచ్చట మనకెందుకని.

ఆపా ఒక శుక్రవారం బురఖా వేసుకుని నేరుగా ఆ మేస్త్రీ దగ్గరికే పోయింది. బడి పిల్లల జాకెట్లకు కాజాలు కుట్టే మనిషి కావాలి, నీ భార్యకు నేను నేర్పిస్తాను, పగటిపూట వచ్చి కూర్చుంటాను అని అడిగింది. పరదాలో ఉండే పెద్ద మనిషి. ఆమెను అనుమానించడానికి అతనికి దారి దొరకలేదు. "నేను కూసున్నంత సేపు గడియ నాది. పోయెటప్పుడు ఏసిపోత," అని మాటిచ్చిందట. ఆ రోజు నుంచి అన్నాల గంట మొదలవగానే ఆపా ఎండలో నడిచి అక్కడికి పోయేది. నా టిఫిన్ డబ్బా దగ్గరికి రావడం మానేసింది. నాకు ప్రశాంతంగా ఉండాల్సింది. లేదు.

ఒకసారి నన్నూ తీసుకుపోయింది. దారంతా నేను ఆ తల్లిని ఊహించుకుంటూ పోయాను – వాడిపోయిన ముఖం, మాట రాని పెదవులు. తలుపు తెరిస్తే ముప్ఫై అయిదేళ్ళ గట్టి మనిషి, "రాండ్రి రాండ్రి, నువ్వేనా తెలుగు టీచరువు? మీ పెద్ద టీచరమ్మ ఇయ్యాల గూడ గంట గొట్టెటామె మీద ఒర్రిందా?" అని నవ్వుతూ అడిగింది. బడి సంగతులన్నీ ఆమెకు తెలుసు. కాజాలు చకచకా కుడుతోంది. నేను చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగాను.

"లోపల మీకు ఎట్లా ఉంటుందమ్మా, పొద్దంతా?"

"ఎట్లుంటది? యాష్టకొస్తది."

"బాధ…"

"బాధ మొదట్ల ఉండె. ఏడ్చిన గూడ. ఇప్పుడు ఉత్త యాష్ట. గీ మొగోని మొఖం చూస్తె యాష్ట, గీ గోడ చూస్తె యాష్ట. జర దారం అందుకో టీచరమ్మా."

ఆపా నా వైపు చూడకుండా దారం అందించింది. నేను చదివిన కథల్లో దుఃఖం ఉంది, మౌనం ఉంది, నిట్టూర్పు ఉంది. యాష్ట, అంటే విసుగు, ఉన్న ఆడమనిషి ఒక్కతీ గుర్తుకు రాలేదు. తిరిగి వస్తుంటే ఆ మాటే ఆపాతో అన్నాను. "రాసినోళ్ళు ఎవరన్న అడిగితె గద," అంది.

ఎండాకాలం వచ్చింది. పరీక్షలు ముగిసిన రోజు సాయంత్రం నేను ఎప్పటిలా బండి ఎక్కి ఆడవాళ్ళ పెట్టెలో కూర్చున్నాను. ఎదురు బల్ల మీద లలిత, పక్కన వాళ్ళమ్మ, కాళ్ళ దగ్గర మూట. ముగ్గురమూ ఒకరినొకరు చూసుకున్నాం. లలిత మూటను కాళ్ళతో బల్ల కిందికి నెట్టింది. ఆ తల్లి మాత్రం నన్ను నేరుగా చూసి, "మర్పల్లి పోయెటి బండి వికారాబాదుల ఏ దిక్కు నిలబడ్తది టీచరమ్మా? మా అన్న ఉన్నడు ఆడ," అంది.

మధ్యాహ్నం ఆపా వచ్చి కూర్చుని, పోయేటప్పుడు గడియ వేయకుండా పోయిందని ఆ తల్లే చెప్పింది. అంతే. ఒక మాట అనలేదట, రమ్మనలేదట, పొమ్మనలేదట. "గడియ సప్పుడు కాలే. జర సేపు చూసిన. ఇంగ మూట కట్టిన."

బండి కదిలింది. ఏళ్ళ తర్వాత ఆమె ఊరు చూస్తోంది కదా అని నేను ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె, "బొగ్గు కండ్లల్ల పడ్తుంది, జర ఆ కిటికీ దించు బిడ్డా," అని కూతురితో అంది. వికారాబాదులో దిగి నేనే వాళ్ళను మర్పల్లి బండి దాకా తీసుకుపోయి ఎక్కించాను. ఇంటికి నడుస్తుంటే నా అంత ధైర్యవంతురాలు లేదనిపించింది.

ఆ అనిపించడం రెండు రోజులు కూడా ఉండలేదు. మేస్త్రీ బడికి వచ్చాడు. వరండాలో నిలబడి ఆపాను తిట్టిన తిట్లు ఆ వీధి అంతా విన్నది. "ముసల్దానివని ఇంట్లకు రానిస్తె కొంప కూల్చినవు!" ఆపా అన్నీ పడింది. తల్లీకూతుళ్ళు ఎక్కడికి పోయారో మాత్రం చెప్పలేదు. అతను పోయాక హెడ్‌మిస్ట్రెస్ అందరినీ పిలిచి కూర్చోబెట్టింది. "ఒకరి సంసారంలో తల దూర్చే అధికారం మన టీచర్లకు ఎవరిచ్చారు? ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

ఆమె చూపు నా దగ్గర ఆగింది. "ఆ పిల్ల వ్యాసం గోడ మీద పెట్టింది మీరే కదండీ? మీకు తెలుసా?"

నాకు అప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. అది నిజమే. కాని నేను అబద్ధం ఆడింది దానికోసమేనా అంటే, కాదు. భయం నోట్లోకి రాగానే నాకు తెలిసిన భాషలోనే వచ్చింది.

"నేను దాన్ని సాహిత్యంగానే చూశాను మేడమ్," అన్నాను.

ఆపా తల తిప్పి నా వైపు చూసింది. కొలత తీసుకుంటున్నప్పుడు చూసే చూపు. అంతకన్నా ఏమీ లేదు.

పదిహేను రోజుల్లో ఆమెకు బొంరాస్‌పేట బదిలీ కాగితం వచ్చింది. పోయే రోజు కత్తెర, టేపు, సుద్దముక్కల డబ్బా సంచిలో సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె ఇదివరకట్లాగే తలుపుకు వీపు పెట్టి కూర్చుని ఉంది. వెలుగు కోసమేనని ఇప్పుడు నాకు తెలుసు. అయినా ఆ వీపు వైపు చూస్తూ ఒక్క మాట అనలేకపోయాను. నా నీడ పడితే, "జర పక్కకు జరుగు, చీకటయితుంది," అంది.

తర్వాత ఏడెనిమిదేళ్ళు ఆమెను చూడలేదు. ఈలోగా నా వ్యాసాలు పత్రికల్లో వచ్చాయి. ఆడవాళ్ళ మనసు ఇంత బాగా చదివినవారు అరుదని ఉత్తరాలు వచ్చాయి. ఒక్కో ఉత్తరం చదువుతుంటే ఎవరో వీపు మీద సూదితో పొడిచినట్టు ఉండేది. క్షమాపణ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ బాగా వచ్చింది. బాగా వచ్చిందనే చించేశాను.

చివరికి ఒక పొద్దున వికారాబాద్ ప్లాట్‌ఫాం మీద కనపడింది. రిటైరైందట, మళ్ళీ తాండూరులోనే ఉంటోందట. మర్పల్లిలో లలిత దగ్గరికి పోయి తిరిగి వస్తోంది. లలిత అక్కడ కుట్టు నేర్పుతోందట, తల్లి తన అన్న ఇంటి పక్కనే గది తీసుకుందట. చాలా సన్నబడింది. మెడలో టేపు లేకపోవడంతో మనిషి ఎవరో పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

బల్ల మీద పక్కన కూర్చున్నాను. అన్నేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్క ఊపులో చెప్పేశాను. ఆ రోజు నేను నిజం చెప్పాల్సింది, నాకు తెలుసని చెప్పాల్సింది, చెప్పి ఉంటే నీ బదిలీ ఆగేది అన్నాను. ఆమె సాంతం విన్నది, మొదటిసారి మధ్యలో ఏ ప్రశ్నా వేయకుండా.

"ఆగకపోతుండె," అంది. "నువ్వు చెప్తే గూడ బదిలీ ఆగకపోతుండె. నిన్ను గూడ ఇంకో దిక్కు కొట్టుదురు. గదానికి నాకు ఫికర్ లేదు."

"మరి…"

"పోయినంక బొంరాస్‌పేటల ఒక్కదాన్నే ఒక అర్ర కిరాయికి తీసుకున్న. రోజు పొద్దుమూకంగ అనుకుంటుంటి, నాల్గేండ్లు రోజూ పక్కన కూసున్న మనిషి, నాకు తెలుసు అని ఒక్క మాట అంటే, నేను ఒక్కదాన్నే కాదనిపిస్తుండె గద అని. గంతే. ఇంకేం లేదు."

అన్నేళ్ళలో ఆమె తన గురించి నాతో చెప్పిన మాట అదొక్కటే. దాన్ని కూడా నేను అడిగి చెప్పించుకున్నది కాదు.

తాండూరు బండి వచ్చి ఆగింది. ఆపా సంచి భుజానికి తగిలించుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆడవాళ్ళ పెట్టె ఎక్కింది. కిటికీ దగ్గర చోటు దొరికింది. పక్కన ఇంకొకరికి చోటుంది. నేను ఎక్కాల్సిందీ అదే బండి. ఎక్కలేదు. తర్వాతి బండికి పోయి, బళ్ళో ఒక పూట సెలవు రాసిచ్చాను. కారణం దగ్గర ఏం రాయాలో తోచక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను.